ఇంట్లో కసరత్తుకు రింగ్సా, బారా, సస్పెన్షన్ పట్టీలా? ముందు పైకప్పు చూసి ఎంచుకోండి

జిమ్నాస్టిక్ రింగ్స్ (పట్టీలతో పైనుంచి వేలాడే రెండు కడియాలు) కొనేవాళ్లు సాధారణంగా చెక్కవి తీసుకోవాలా ప్లాస్టిక్‌వా, మందం 28 మిల్లీమీటర్లా 32 మిల్లీమీటర్లా అన్న దగ్గర మొదలుపెడతారు. పార్సిల్ విప్పాక తలెత్తి చూస్తే వేలాడదీయడానికి ఫ్యాన్ హుక్ తప్ప ఏమీ కనబడదు. నాలుగు రోజులు తలుపు పక్కన వేలాడి, ఐదో రోజు రింగ్స్ అటకెక్కుతాయి. ఏ సాధనం మంచిదన్నది మీ ఇంటి స్లాబూ, గుమ్మమూ, గోడలే చాలావరకు తేల్చేస్తాయి. చెక్కా ప్లాస్టిక్కా అన్నది ఆ తర్వాతి మాట.

ఏది దేనికి పనికొస్తుంది

ఇంట్లో శరీర బరువుతో పైభాగానికి బలం తెచ్చుకోవాలంటే ఆచరణలో నాలుగు దారులున్నాయి: పుల్-అప్ బార్, డిప్ స్టాండ్, టీఆర్‌ఎక్స్ తరహా సస్పెన్షన్ పట్టీలు, రింగ్స్.

పుల్-అప్ బార్ కదలదు. దాని బలమూ అదే, లోపమూ అదే. ఎన్ని పుల్-అప్స్ తీశారో నిక్కచ్చిగా లెక్క తెలుస్తుంది, వారం వారం పెంచుకోవచ్చు. కానీ బార్ మీద మణికట్టు ఒకే కోణంలో బిగుసుకుపోతుంది. ఎక్కువ చిన్-అప్స్ (అరచేతులు మనవైపు తిప్పి తీసే పుల్-అప్స్) తీసేవాళ్లకు మోచేతి లోపలి వైపు నొప్పి రావడానికి ఇదో కారణం. రింగ్స్ మీద కిందున్నప్పుడు అరచేతులు ముందుకు ఉంటాయి, పైకి లేచేసరికి వాటంతటవే లోపలికి తిరుగుతాయి. కీలు ఎటు తిరగాలనుకుంటే అటు తిరిగే వీలుంటుంది. అందుకే పుల్-అప్స్ వరకు బార్‌కూ రింగ్స్‌కూ కష్టంలో పెద్ద తేడా లేదు, హాయిలో ఉంది.

డిప్స్ (రెండు చేతుల మీద బరువు ఆపి, మోచేతులు వంచి కిందికి దిగి లేవడం) సంగతి వేరు. స్టాండ్ మీద పన్నెండు, పదిహేను డిప్స్ సునాయాసంగా తీసే మనిషి రింగ్స్ మీద మూడు, నాలుగు దగ్గర వణికిపోవడం మామూలే. చేతులు పక్కలకు జారిపోకుండా పట్టి ఉంచడానికే సగం బలం ఖర్చవుతుంది. దీన్ని చూసి రింగ్స్ గొప్పవని ప్రచారం చేసేవాళ్లు ఒక మాట చెప్పరు: పట్టు కోసం ఖర్చయిన బలం, ఛాతీకీ ట్రైసెప్స్‌కీ అందాల్సిన పనిలోంచే పోతుంది. మొదటి మూడు నెలల్లో కండ పెరగడమే మీ లక్ష్యమైతే డిప్ స్టాండే త్వరగా ఫలితమిస్తుంది. భుజం చుట్టూ పట్టు, ముందుముందు మసిల్-అప్ (వేలాడుతూ లాగి రింగ్స్ పైకి ఎక్కడం), లీవర్ (శరీరాన్ని నేలకు సమాంతరంగా నిలపడం) లాంటివి కావాలనుకుంటే రింగ్స్.

సస్పెన్షన్ పట్టీలను రింగ్స్‌కు చవక ప్రత్యామ్నాయంగా చూడటం సరికాదు. అమెరికా నేవీ సీల్స్‌లో పనిచేసిన రాండీ హెట్రిక్ పారాచూట్ పట్టీలతో కుట్టుకున్న సాధనం నుంచి టీఆర్‌ఎక్స్ పుట్టింది. చోటు లేని దగ్గర కాళ్లు నేల మీద ఆనించి చేసే కసరత్తు దాని ఉద్దేశం. రెండు పిడులూ పైన ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. వెనక్కి వాలి ఒంటిని పైకి లాగే ‘రో’లు, వాలి తీసే దండీలు (పుష్-అప్స్), కాళ్లు పట్టీల్లో పెట్టి చేసే పొట్ట కసరత్తులు దాని మీద చక్కగా వస్తాయి. మొత్తం బరువు చేతుల మీద మోసే డిప్స్, సపోర్ట్ హోల్డ్ (చేతులు తిన్నగా చాచి కదలకుండా నిలవడం) దాని మీద చేయబోతే పట్టీలు రెండూ శరీరానికి అడ్డుగా దగ్గరకు వస్తాయి. రింగ్స్‌కు రెండు వేర్వేరు బిందువులు కావాలి. ఆ రెండు బిందువులు దొరకడమే ఇంట్లో అసలు చిక్కు.

ఎక్కడ వేలాడదీయాలి

70 కిలోల మనిషి కదలకుండా వేలాడితే ఒక్కో పట్టీ మీద 35 కిలోలు పడతాయి. ఊగినా, దబ్బున కిందికి దిగినా అది క్షణంపాటు రెట్టింపు దాటుతుంది. పట్టు తప్పితే బరువంతా ఒక్క చేతి మీదకే రావచ్చు. అందుకని ఒక్కో బిందువు కనీసం 200 కిలోలు ఆపగలదన్న నమ్మకం ఉంటేనే ముందుకు వెళ్లండి.

ఫ్యాన్ హుక్ వద్దు. స్లాబ్ పోసేటప్పుడు ఆ కొక్కేన్ని లోపలి కడ్డీల మీదుగా వంచి కట్టారో, ఊరికే కాంక్రీటులో గుచ్చి వదిలేశారో కింద నుంచి తెలియదు. లోపల తుప్పు ఎంతుందో కూడా కనబడదు. అది మోయాల్సింది నాలుగైదు కిలోల ఫ్యాన్‌ను. పైగా బిందువు ఒక్కటే.

పాత పద్ధతి ఇళ్లలో హాల్లో ఉయ్యాల బల్ల కోసం పెట్టించిన కొక్కేలుంటే మీ అదృష్టం. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుని ఊగుతారని తెలిసే వాటిని కట్టించారు. నాలుగు కొక్కేల ఉయ్యాలైతే అడ్డంగా ఉన్న రెండు కొక్కేల మధ్య దూరం సాధారణంగా అడుగున్నర, రెండడుగులు ఉంటుంది. రింగ్స్‌కు కావాల్సిన 50 సెంటీమీటర్లకు అది దగ్గరి కొలతే. రెండే కొక్కేలుండి వాటి మధ్య ఐదడుగుల దూరముంటే మాత్రం పట్టీలు నేరుగా వేయకండి. పైన 150 సెంటీమీటర్ల దూరం, కింద రింగ్స్ మధ్య 50, పట్టీ రెండు మీటర్లలోపు అనుకుంటే, 70 కిలోల మనిషి ఒక్కో చేతిని సుమారు 9 కిలోల బలం బయటికి లాగుతూ ఉంటుంది. పుల్-అప్స్‌కు ఇది చికాకు, డిప్స్‌కు ప్రమాదం. అలాంటి చోట రెండు కొక్కేలకూ గట్టిగా బిగించిన అడ్డ పైపు ఒకటి వేయించి, దాని మీద 50 సెంటీమీటర్ల దూరంలో పట్టీలు వేసుకోవాలి. పైపును గొలుసులతో వేలాడదీస్తే అది కూడా ఊగుతుంది.

పెంకుటిల్లయితే దూలం చూడండి. టేకు దూలం చెక్కుచెదరకుండా ఉంటే పట్టీని దాని చుట్టూ వేస్తే చాలు, మేకు కొట్టే పని లేదు. స్క్రూడ్రైవర్ మొనతో నాలుగైదు చోట్ల గుచ్చి చూడండి. మెత్తగా దిగినా, చెదల మట్టి గీతలు కనబడినా, గోడలో కూర్చున్న చివర నల్లబడి తడిగా ఉన్నా ఆ దూలాన్ని వదిలేయండి. వాసాలు మనిషి బరువుకు సరిపోవు.

కొత్త ఇళ్లలో స్లాబ్‌కు యాంకర్ ఫాస్టెనర్లు (కాంక్రీటు రంధ్రంలో విచ్చుకుని పట్టే బోల్టులు) వేయించడమే దారి. ఈ పనిలో జరిగే తప్పులు ఎక్కువ, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం. ఒకే ఐ బోల్ట్ కాకుండా, నాలుగు రంధ్రాలుండి మధ్యలో కడియం వెల్డ్ చేసిన ప్లేటు ఒక్కో రింగ్‌కు ఒకటి తీసుకోండి. ఉయ్యాలకూ పంచింగ్ బ్యాగ్‌కూ అమ్మేవి ఇవే. ఒక బోల్ట్ సడలినా మిగిలినవి పట్టి ఉంచుతాయి. మామూలు ఐ బోల్ట్‌ను నిట్టనిలువుగా లాగితే దాని పూర్తి బలం ఉంటుంది, పక్కకు లాగితే బాగా తగ్గిపోతుంది. రింగ్స్ పక్కకు లాగుతూనే ఉంటాయి.

10 మిల్లీమీటర్ల యాంకర్‌కు కాంక్రీటులో సుమారు 60 మిల్లీమీటర్ల లోతు కావాలి. కచ్చితమైన కొలత తయారీదారు పెట్టె మీద వేస్తారు. సీలింగ్ ప్లాస్టరింగ్ మందం ఈ లోతులోకి రాదు, అది తీసేశాక లెక్క. ఇళ్లలో స్లాబ్ నాలుగైదు అంగుళాలే ఉంటుంది కాబట్టి అత్యుత్సాహంతో లోతుగా దించకండి. పై అంతస్తు స్లాబ్ అయితే లోతైన రంధ్రం నుంచి వానాకాలంలో చెమ్మ దిగుతుంది. డ్రిల్ గట్టిగా గుద్దుకుని ముందుకు వెళ్లకపోతే కడ్డీ తగిలిందని అర్థం. కడ్డీని కోయకుండా ఐదారు సెంటీమీటర్లు పక్కకు జరిగి కొత్త రంధ్రం వేసి, పాత దాన్ని మోర్టార్‌తో నింపేయాలి. ఫ్యాన్ బాక్స్ నుంచి స్విచ్ బోర్డున్న గోడ వైపు గీసిన గీతలో కరెంటు పైపు పోతూ ఉంటుంది, అటు వెళ్లకండి. పైఇంటి బాత్రూం కింద అసలు ముట్టుకోవద్దు.

కొన్ని పెద్ద అపార్ట్‌మెంట్లలో పోస్ట్-టెన్షన్డ్ స్లాబులుంటాయి. లోపలి తీగలను బలంగా లాగి బిగించి ఉంచుతారు, డ్రిల్ ఒకదాన్ని తెంపితే మనిషికీ భవనానికీ ముప్పే. బిల్డర్‌నో సొసైటీనో డ్రాయింగ్ అడిగి, అలాంటి స్లాబ్ కాదని తేలాకే డ్రిల్ పట్టాలి. జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ ఏ బరువూ మోయదు. దాని పైనున్న అసలు స్లాబ్‌కే బిగించాలి.

స్లాబ్ కింద కంటే బీమ్ పక్క ముఖానికి బిగించడం మాకు ఎక్కువ నచ్చుతుంది. అక్కడ బరువు బోల్ట్‌ను బయటికి పీకదు, అడ్డంగా నొక్కుతుంది. ఎదురెదురుగా రెండు బీములో పిల్లర్లో నాలుగడుగుల లోపు దూరంలో ఉంటే వాటి మధ్య జీఐ పైపు వేయించుకోవచ్చు. ఇక్కడ ఒక లెక్క చాలామంది తప్పుతారు. బార్‌గా పట్టుకోవాలంటే అంగుళం పైపు చేతికి సరిపోతుంది, దాని బయటి కొలత సుమారు 33.7 మిల్లీమీటర్లు. కేవలం పట్టీలు వేయడానికైతే చేతికి అందే సైజుతో పనేముంది? అంగుళంన్నర పైపు, అంటే బయట సుమారు 48 మిల్లీమీటర్లది, మీడియం క్లాస్‌లో తీసుకుంటే వంపు భయం ఉండదు.

గుమ్మానికి బిగించే బార్లు రెండు రకాలు. చౌకట్టు పైఅంచు మీద కొక్కెంలా కూర్చునేది విదేశీ తలుపుల కోసం చేసింది. అక్కడ చౌకట్టు చుట్టూ గోడ మీదకు పొడుచుకొచ్చిన చెక్క పట్టీ ఉంటుంది. మన ద్వారబంధాలు చాలావరకు గోడతో సమంగా ఉంటాయి, దానికి పట్టు దొరకదు. రెండోది తిప్పి బిగించే టెలిస్కోపిక్ బార్. రాపిడి మీదే నిలబడేలా వదిలేస్తే జారుతుంది. దాంతో వచ్చే రెండు కప్పులను ద్వారబంధానికి స్క్రూలతో బిగించాకే రింగ్స్ వేయండి. గుమ్మం లోపలి వెడల్పు రెండున్నర, మూడడుగులు కాబట్టి రోలు, దండీలు, మోకాళ్లు మడిచి పుల్-అప్స్ బాగానే వస్తాయి. డిప్స్‌లో మోచేతులు చెక్కకు తగులుతాయి. మసిల్-అప్‌కు తల పైన చోటుండదు.

చెట్టు కొమ్మైతే వేప, చింత మేలు. బతికున్న కొమ్మ, కనీసం తొడంత లావు, మానుకు దగ్గరగా. మునగ కొమ్మ ఎంత లావున్నా పుటుక్కున విరుగుతుంది. మునగచెట్టు ఎక్కిస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

బిగించాక మీరు ఎక్కకముందు బియ్యం బస్తాలు ఎక్కించండి. ఒక్కో పట్టీకి 25 కిలోల బస్తాలు రెండేసి కట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి నేల మీద సున్నం పొడి రాలినా, ప్లేటు చుట్టూ వెంట్రుకవాసి పగులు కనబడినా, నట్టు చేత్తో తిరిగినా పని మళ్లీ చేయించాలి. ఈ పరీక్ష నెగ్గితే ముందు కాళ్లు స్టూలు మీద ఆనించి, తర్వాత పూర్తి బరువుతో కదలకుండా వేలాడి చూడండి. ఊగడం ఆ తర్వాత.

పట్టీ పొడవు: పెట్టె మీద అంకె, చేతికి అందేది

రింగ్స్‌తో ఎక్కువగా వచ్చే పట్టీ పొడవు 4.5 మీటర్లు. స్లాబ్ తొమ్మిదిన్నర అడుగుల ఎత్తే కదా, బోలెడంత మిగులుతుంది అనిపిస్తుంది. మిగలదు. పట్టీ రింగ్‌లోంచి దూరి పైకి వెళ్లి, కొక్కెం మీదుగా మళ్లీ కిందికి వచ్చి బకిల్‌లో కలుస్తుంది. అంటే రెండు మడతలు. బకిల్ అవతల కనీసం 20, 30 సెంటీమీటర్ల తోక ఉంచాలి. చివరకు మీకందేది సుమారు 2.1 మీటర్లు.

స్లాబ్ 2.9 మీటర్ల ఎత్తులో ఉంటే రింగ్ నేల నుంచి 80 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. పుల్-అప్స్‌కు చాలు, డిప్స్‌కు చాలు, రోలకు చాలు. దండీలకు రింగ్స్ నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో కావాలి, అక్కడికి రావు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఎత్తు దండీలు తేలిక కాబట్టి మొదట్లో ఇది మంచిదే. తర్వాత పట్టీకీ కొక్కేనికీ మధ్య 70 సెంటీమీటర్ల గొలుసు, దానికి బరువు సామర్థ్యం ముద్రించి ఉన్న డి-షాకిల్ (డి ఆకారపు ఇనుప కడియం) వేసుకుంటే సరిపోతుంది. తాళంచెవులకు తగిలించే కారబీనర్ ఆ చోట పనికిరాదు. ఎత్తు కొమ్మలకూ ఇదే లెక్క: కొమ్మ నాలుగున్నర మీటర్ల ఎత్తులో ఉండి రింగ్ మీటరు ఎత్తులో కావాలంటే ఏడు మీటర్లకు పైగా పట్టీ పడుతుంది.

పొడవుకూ వణుకుకూ సంబంధం ఉంది. రింగ్ పక్కకు పది సెంటీమీటర్లు జరిగినప్పుడు దాన్ని వెనక్కి తెచ్చే బలం, పట్టీ పొడవు ఎంత పెరిగితే అంత తగ్గుతుంది. 35 కిలోల బరువుకు రెండు మీటర్ల పట్టీ మీద అది కిలోముప్పావు, ఒక మీటరు పట్టీ మీద మూడున్నర కిలోలు. అంటే ఎత్తైన కొమ్మ మీద డిప్స్ గుమ్మం బార్ మీద డిప్స్ కంటే నిజంగానే కష్టం, మీరు బలహీనపడిపోలేదు. తక్కువ ఎత్తు పైకప్పు మొదటి నెలల్లో మీకు ఉపకారమే చేస్తుంది.

మసిల్-అప్ మీద కన్నున్నవాళ్లు ఇంకో కొలత చూసుకోవాలి. 170 సెంటీమీటర్ల మనిషి రింగ్స్ మీద చేతులు చాచి నిలబడితే తల రింగ్ కంటే 90, 95 సెంటీమీటర్లు పైకి వెళుతుంది. రింగ్ 180 దగ్గరుంటే తల 275 దగ్గర. స్లాబ్ 290లో ఉంది. ఇరుకే, కానీ మోకాళ్లు మడిచి కింద వేలాడితే కుదురుతుంది. అదే గదిలో ఫ్యాన్ రెక్కలు 260 నుంచి 270 ఎత్తులో తిరుగుతుంటాయి, మామూలు ఫ్యాన్ 1200 మిల్లీమీటర్ల వ్యాసం. రెక్కల చివరి నుంచి మీటరున్నర దూరంలో రింగ్స్ బిగించండి, అయినా చేసేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి. చెమట తర్వాత ఆరబెట్టుకోవచ్చు.

చెక్క, ప్లాస్టిక్, ఇనుము

ఇంట్లోకి చెక్కే. బిర్చ్ పొరలు అతికించి చేసినవి చెమటను కొంత పీల్చుకుంటాయి, చాక్ పొడి పట్టి ఉంటుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి ఉక్కపోత ఊళ్లలో ఈ తేడా మొదటి పది నిమిషాల్లోనే చేతికి తెలుస్తుంది. ప్లాస్టిక్ రింగ్స్ ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. వానకూ ఎండకూ ఓర్చుకుంటాయి, చెమట పడితే సబ్బులా జారతాయి. మిద్దె మీద కసరత్తు చేస్తూ రోజూ విప్పి లోపల పెట్టే ఓపిక లేనివాళ్లకు అవే నయం. ఇనుప రింగ్స్ మే నెల ఎండలో పట్టుకోలేరు, తలకు తగిలితే గాయమే. వాటిని ఇంట్లోకి సిఫారసు చేయలేం.

పోటీల్లో వాడే రింగ్ మందం 28 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 18 సెంటీమీటర్లు, రెండింటి మధ్య 50 సెంటీమీటర్లు. వ్యాయామం కోసం అమ్మేవి ఎక్కువగా 32. చెయ్యి చిన్నదైనా, పుల్-అప్స్, మసిల్-అప్ వైపు మొగ్గున్నా 28 తీసుకోండి. మణికట్టును రింగ్ మీదకు ఎక్కించి పట్టే ఫాల్స్ గ్రిప్ సన్నటి రింగ్ మీద సులువు. అరచెయ్యి పెద్దదై డిప్స్, సపోర్ట్ ఎక్కువ చేసేవాళ్లకు 32 మీద ఒత్తిడి ఎక్కువ మేర పరుచుకుంటుంది, నొప్పి తక్కువ. మణికట్టు గీత నుంచి నడిమి వేలి చివరి వరకు 18 సెంటీమీటర్లకు తక్కువ ఉంటే 28 అన్నది మేం వాడే మోటు లెక్క. ఒకవేళ తప్పు మందం కొన్నా కొంపలేం మునగవు, నెలలో చెయ్యి అలవాటు పడుతుంది.

కొత్త చెక్క రింగ్ మరీ నునుపుగా మెరుస్తుంటే 220 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దండి. వార్నిష్ వేయకండి. నెలకోసారి పొరలు అతికిన గీత వెంబడి గోరు లాగి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ రింగ్ పని అయిపోయినట్టే.

పట్టీ, బకిల్

పాలియెస్టర్ పట్టీ నైలాన్ కంటే తక్కువ సాగుతుంది, ఎండకు ఎక్కువ ఓర్చుకుంటుంది, నీళ్లు పీల్చదు. 38 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ చూడటానికి ధైర్యమిస్తుంది గానీ సపోర్ట్ హోల్డ్‌లో దాని అంచు చేతిని గీరుతుంది. మంచి బకిల్ ఉన్న 25 మిల్లీమీటర్ల పట్టీ బలానికి ఏ లోటూ ఉండదు.

పళ్లున్న క్యామ్ బకిల్‌లో పట్టీని ఎటు నుంచి దూర్చారన్నది అన్నిటికంటే ముఖ్యం. బరువు పడినప్పుడు క్యామ్ పళ్లు పట్టీలోకి ఇంకా దిగబడాలి. తిరగేసి దూరిస్తే చేత్తో లాగినప్పుడు గట్టిగానే ఉన్నట్టుంటుంది, మనిషి బరువు పడగానే నెమ్మదిగా జారుతుంది. బకిల్‌ను పైన, కొక్కెం దగ్గర ఉంచండి. కింద ఉంటే డిప్స్‌లో ముంజేతికి పొడుచుకుంటుంది.

పట్టీ మీద నంబర్లు ముద్రించి ఉంటే కాస్త ఎక్కువైనా పెట్టి అదే కొనండి. రింగ్స్ ఎత్తుల్లో రెండు సెంటీమీటర్ల తేడా ఉన్నా ఒక భుజం మీద భారం పెరిగిపోతుంది, కంటికి ఆ తేడా తెలియదు. నంబర్లు లేకపోతే రెండు పట్టీలూ పక్కపక్కన పరిచి పది సెంటీమీటర్లకో గీత పర్మనెంట్ మార్కర్‌తో గీసుకోవచ్చు. ఎల్ యాంగిల్, గ్రిల్ లాంటి పదునైన అంచు మీద పట్టీ వేయాల్సి వస్తే పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టండి. అంచు దగ్గర నూలు పోగులు లేచినట్టు కనబడితే పట్టీ మార్చాలి, కుట్టించుకుని వాడకూడదు.

మొదటి మూడు నెలలు ఏం చేయాలి

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. మొదట సపోర్ట్ హోల్డ్: రింగ్స్ నడుం ఎత్తులో పెట్టి, మోచేతులు తిన్నగా చాచి, భుజాలు చెవులకు దూరంగా కిందికి నొక్కి, కాలివేళ్లు నేలకు తగిలీ తగలనట్టు. పది నుంచి ఇరవై సెకన్లు, ఐదు సార్లు. వణుకు సహజం, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. రింగ్స్ శరీరానికి ఆనించి ఉంచితే మొదట తేలిక. తర్వాత వాటిని రెండు సెంటీమీటర్లు దూరం జరిపి, బొటనవేళ్లు బయటికి తిప్పడం నేర్చుకోవాలి.

ఆపైన రోలు ఎనిమిది నుంచి పన్నెండు, దండీలు ఆరు నుంచి పది, మూడేసి సెట్లు. రో కష్టం పెంచాలంటే కాళ్లు ముందుకు జరపండి, తగ్గించాలంటే వెనక్కి. ఒక్క పుల్-అప్ కూడా రానివాళ్లు స్టూలు ఎక్కి పైన పట్టుకుని ఐదు సెకన్లలో కిందికి దిగడం నాలుగైదు సార్లు చేస్తే చాలు.

డిప్స్‌కు తొందర వద్దు. మోచేతులు వంగకుండా 30 సెకన్ల సపోర్ట్ హోల్డ్, పదిహేను శుభ్రమైన రింగ్ దండీలు వచ్చేదాకా ఆగండి. భుజం మోచేతి కంటే మరీ కిందికి పడిపోయి, ఛాతీ ముందు కీలు లాగినట్టు అనిపిస్తే అది లోతు కాదు, పట్టు తప్పడం. కండ వారాల్లో బలపడుతుంది, స్నాయువుకు నెలలు కావాలి. అందుకే మూడో నెలలో అన్నీ బాగున్నాయనిపించినప్పుడే మోచేతి నొప్పి మొదలవుతుంది. ఫాల్స్ గ్రిప్, చిన్-అప్స్ సగానికి తగ్గించి రోలు కొనసాగిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. రెండు మూడు వారాలకూ తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

వేలాడుతూ కాళ్లను చేతుల మధ్యగా వెనక్కి తిప్పే స్కిన్ ద క్యాట్ మొదలుపెట్టే రోజు కింద కొబ్బరి పీచు పరుపు వేయండి. విట్రిఫైడ్ టైల్స్ మీద చెమట చుక్కలు పడితే దిగేటప్పుడు కాలు జారుతుంది. ఐరన్ క్రాస్ (చేతులు రెండు పక్కలకూ చాచి నిలవడం) కోచ్ లేకుండా ఇంట్లో ప్రయత్నించాల్సిన పని కాదు.

కాళ్లకు రింగ్స్ పెద్దగా చేసేదేమీ లేదు. రింగ్స్ పట్టుకుని ఒంటికాలి బస్కీలు, మడమలు రింగ్స్‌లో పెట్టి తొడ వెనుక కండరాలకు కర్ల్స్, అంతే. రెండు కాళ్ల బస్కీలూ మెట్లెక్కడమూ విడిగా చేసుకోవాల్సిందే.

మీ ఇంటికి ఏది

అద్దె ఫ్లాటు, డ్రిల్ వేయనివ్వరు: తలుపు గట్టిదైతే సస్పెన్షన్ పట్టీలు. తలుపు మూసి, అది తెరుచుకునే వైపుకు అవతల నిలబడి లాగాలి, అప్పుడే మీ బలం తలుపును మూసే దిశలో పడుతుంది. పీవీసీ తలుపులకు వద్దు. పార్కు దగ్గర్లో ఉంటే రింగ్సే కొని సంచిలో వేసుకెళ్లడం ఇంకా మంచిది. హైదరాబాద్ పార్కుల్లోని చాలా ఓపెన్ జిమ్‌లలో కడ్డీలు ఉంటాయి, పట్టీలు వేయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

సొంత ఇల్లు, గదిలో స్లాబ్ దొరుకుతుంది: రింగ్స్, సందేహం లేదు. ఆ పట్టీల కోసం వేయించిన పైపే పుల్-అప్ బార్‌గానూ వాడుకోవాలనుకుంటే అంగుళం పైపుతో నాలుగడుగులు దాటకండి.

నలభై దాటి కొత్తగా మొదలుపెడుతున్నారు, దండీలు ఐదు కూడా రావు: బార్ కంటే రింగ్సే నయం. బార్ మీద పుల్-అప్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. రింగ్ రోలో కాళ్లు ఎక్కడ పెడితే అంత కష్టం, అంగుళం అంగుళం పెంచుకోవచ్చు.

భుజం ఒకసారి జారినవాళ్లు: డిప్ స్టాండ్ కూడా ఆగి, ముందు డాక్టర్ మాట. రింగ్ డిప్స్, జర్మన్ హ్యాంగ్ (చేతులు వెనక్కి ఉంచి వేలాడటం) ఇద్దరు డాక్టర్లు సరేనన్నా ఆఖర్న.

అమెరికాలో బేస్‌మెంటో గరాజో ఉన్నవాళ్లకు కాంక్రీటు బాధ లేదు గానీ పైన చెక్క జాయిస్టుల (పైకప్పును మోసే అడ్డ దూలాల) మధ్య దూరం సాధారణంగా 16 అంగుళాలు, అంటే 40 సెంటీమీటర్లు. పక్కపక్క జాయిస్టులు ఇరుకు, ఒకటి వదిలి తీసుకుంటే 80 సెంటీమీటర్లు, వెడల్పు ఎక్కువ. జాయిస్టులకు అడ్డంగా 2×6 అంగుళాల పలక ఒకటి మూడు జాయిస్టులకూ లాగ్ స్క్రూలతో బిగించి, దాని మీద 50 సెంటీమీటర్ల దూరంలో కొక్కేలు వేసుకుంటే కొలత కుదురుతుంది.